విద్యాశాఖే మూతపడితే మా బాబు చదువు ఏమవుతుంది?

ప్రశ్న: మేము టెక్సస్‌లో, డాలస్ శివారులో ఉంటున్నాము. మావారిది ఉద్యోగ వీసా హెచ్‌-1బీ, నాది జీవిత భాగస్వామిగా వచ్చే హెచ్‌-4. ఇక్కడే పుట్టిన మా బాబుకు తొమ్మిదేళ్లు. వాడికి ఆటిజం ఉంది. ప్రభుత్వ బడిలో ఐఈపీ, అంటే వాడికోసం ప్రత్యేకంగా రాసిన విద్యా ప్రణాళిక, కింద స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఇస్తున్నారు, తరగతిలో ఒక సహాయకురాలు కూడా ఉంటారు. అధ్యక్షుడి ఉత్తర్వుతో ఫెడరల్ విద్యాశాఖను ఎత్తేస్తున్నారని విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. మరోవైపు వరంగల్‌లో మా అన్నయ్య కొడుకు బీటెక్ చివరి సంవత్సరంలో ఉన్నాడు. కంప్యూటర్ సైన్స్‌లో ఎమ్మెస్ చేయడానికి ఇక్కడికి రావాలని వాడి కోరిక. ఇంటి స్థలం తనఖా పెట్టి 45 లక్షలు అప్పు తెస్తానంటున్నారు అన్నయ్య. ‘నువ్వు అక్కడే ఉన్నావు కదా, పంపమంటావా వద్దంటావా’ అని ప్రతి ఆదివారమూ ఫోనులో అడుగుతున్నారు. ఈ వేసవిలో మేము ఇండియా వెళ్లి రావాలని కూడా అనుకుంటున్నాము. రోజుకొక వార్త వస్తోంది. దేన్ని ఎంతవరకు పట్టించుకోవాలో చెప్పగలరా?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: బాబు విషయంలో మీరు పడుతున్న భయం ఉన్న ప్రమాదం కంటే పెద్దది. మేనల్లుడి విషయంలో మాత్రం మీ ఇంట్లో ఉండవలసినంత భయం లేదనిపిస్తోంది. అందుకే ముందుగా బాబు సంగతి, తర్వాత అబ్బాయి సంగతి, చివరగా మీ ప్రయాణం సంగతి చెప్తాను.

అధ్యక్షుడు సంతకం చేసే కార్యనిర్వాహక ఉత్తర్వు తన చేతికింద పనిచేసే శాఖలకు ఆయన ఇచ్చే ఆదేశం మాత్రమే. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ చేసిన చట్టాన్ని అది రద్దు చేయలేదు. విద్యాశాఖను 1979లో కాంగ్రెస్ చట్టం ద్వారా ఏర్పాటు చేసింది కనుక దాన్ని పూర్తిగా తీసివేయాలన్నా కాంగ్రెసే చేయాలి. 2025 మార్చి 20న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు కూడా, చట్టం అనుమతించిన మేరకు శాఖ మూసివేతకు చర్యలు తీసుకోవాలని విద్యాశాఖ మంత్రి లిండా మెక్‌మాన్‌ను ఆదేశించిందే తప్ప, ఆ మరునాడే తలుపులకు తాళం వేయలేదు. మీ బాబుకు ఐఈపీ ఇచ్చిన హక్కు ఆ శాఖ కంటే వయసులో పెద్దది. వైకల్యమున్న ప్రతి పిల్లవాడికీ తగిన ఉచిత ప్రభుత్వ విద్య అందాలన్న చట్టం మీద అధ్యక్షుడు ఫోర్డ్ 1975లో సంతకం చేశారు, 1990 నుంచి దాన్ని ఐడియా అని పిలుస్తున్నారు. విద్యాశాఖ అనేదే లేని రోజుల్లో పుట్టిన హక్కు అది. ఆ శాఖ రేపు మరో శాఖలో కలిసిపోయినా, చట్టం ఉన్నంతకాలం మీ ప్రాంతపు బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ బాబుకు సేవలు ఇచ్చి తీరాలి. పైగా 2017లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఇచ్చిన ఎండ్రూ తీర్పు, ఏదో నామమాత్రంగా కొద్దిపాటి ప్రగతి చూపిస్తే చాలదని, పిల్లవాడి పరిస్థితికి తగిన ముందడుగు వేయించేలా ఐఈపీ ఉండాలని చెప్పి ఆ హక్కును మరింత బలపరిచింది.

డబ్బు విషయంలోనూ కొంత ఊరట ఉంది. ప్రత్యేక విద్యకు అదనంగా అయ్యే ఖర్చులో 40 శాతం వరకు భరిస్తామని 1975లో కాంగ్రెస్ చెప్పింది కాని, ఇటీవలి సంవత్సరాల్లో ఇస్తున్నది 15 శాతంలోపే. మిగతాదంతా రాష్ట్రమూ, మీరు కట్టే ఆస్తి పన్నుతో నడిచే డిస్ట్రిక్టూ పెట్టుకుంటున్నాయి. మాట నిలబెట్టుకోని ఆ అలవాటు ఏ ఒక్క పార్టీదీ కాదు, యాభై ఏళ్లుగా అందరిదీ. అయితే దాని వల్ల ఒక విచిత్రమైన ఫలితం వచ్చింది: వాషింగ్టన్ ఒక నెల నిధులు ఆలస్యం చేసినంత మాత్రాన మీ బాబు స్పీచ్ థెరపిస్టు మర్నాడే కనిపించకుండా పోయే పరిస్థితి లేదు.

ఇంతవరకు ఊరట. ఇక మీరు నిజంగా జాగ్రత్తపడవలసిన చోటికి వస్తాను. ఉత్తర్వు హక్కును కొట్టివేయలేదు గాని, అదే నెలలో మొదలైన కోతలు హక్కును కాపాడే యంత్రాంగాన్ని పలచబరిచాయి. 2025 మొదట్లో నాలుగు వేల ఒక వంద మందికి పైగా ఉన్న ఆ శాఖ సిబ్బందిని మార్చి నెల కోతలతో సుమారు రెండు వేల రెండు వందలకు తగ్గించారు. కింది కోర్టు ఆపినా, జూలై 14న సుప్రీంకోర్టు ఆ కోతలను కొనసాగించడానికి అనుమతించింది. బడుల్లో వివక్ష ఫిర్యాదులను విచారించే పౌరహక్కుల విభాగానికి 12 ప్రాంతీయ కార్యాలయాలు ఉండగా ఏడింటిని మూసివేశారు. వాటిలో డాలస్ కార్యాలయం ఒకటి. అక్టోబరులో నిధుల బిల్లు ఆమోదం పొందక ప్రభుత్వం స్తంభించిన రోజుల్లో, ఐడియా అమలును పర్యవేక్షించే ప్రత్యేక విద్యా కార్యాలయంలో చాలామందికి ఉద్వాసన నోటీసులు వెళ్లాయి. నవంబరులో ప్రభుత్వాన్ని తిరిగి తెరవడానికి కాంగ్రెస్ చేసిన చట్టం వాటిని వెనక్కి తీసుకునేలా చేసింది. అదే నవంబరులో, పేద విద్యార్థుల బడులకు నిధులిచ్చే టైటిల్ వన్ వంటి కార్యక్రమాల నిర్వహణను కార్మిక శాఖకు అప్పగిస్తూ ఒప్పందాలు చేసుకున్నారు. ప్రత్యేక విద్య ఆ ఒప్పందాల్లో లేదు. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే భూమి చట్టం చెక్కుచెదరలేదు, పట్టా మీ చేతిలోనే ఉంది, తహసీల్దారు కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. పక్కవాడు గట్టు జరిపేదాకా ఆ లోటు ఎవరికీ తెలియదు.

ఆ పర్యవేక్షణ ఎంత అవసరమో మీరుంటున్న రాష్ట్రాన్ని మించిన ఉదాహరణ లేదు. 2004లో టెక్సస్ విద్యా సంస్థ, అంటే టీఈఏ, ప్రతి డిస్ట్రిక్టులో ప్రత్యేక విద్య పొందే పిల్లలు 8.5 శాతానికి మించకూడదన్నట్టుగా ఒక కొలమానం పెట్టింది. దేశమంతటా అది సుమారు 13 శాతం ఉండగా టెక్సస్‌లో ఆ సంఖ్య ఏటేటా తగ్గుతూ వచ్చింది. పిల్లలకు వైకల్యాలు తగ్గి కాదు, బడులు వాళ్లను పరీక్షించడమే మానుకున్నాయి కనుక. తల్లులు అడుగుతూనే ఉన్నారు, బడులు ‘ఇంకొంతకాలం చూద్దాం’ అంటూనే ఉన్నాయి. 2016లో హ్యూస్టన్‌కు చెందిన ఒక దినపత్రిక ఈ సంగతి బయటపెట్టింది, 2017లో శాసనసభ ఆ పరిమితిని నిషేధించింది, 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ విచారణ జరిపి టెక్సస్ ఐడియాను ఉల్లంఘించిందని తేల్చింది. ఇప్పుడు అలాంటిదే మరొకటి మొదలైతే విచారణకు వచ్చే మనుషులు ఎందరు మిగిలారన్నదే నా ఆందోళన. ‘విద్యను రాష్ట్రాలకు తిరిగి అప్పగించడం’ అని ఆ ఉత్తర్వును సమర్థించేవారు చెప్పే మాటలో కొంత న్యాయముంది. సిలబస్ నుంచి టీచర్ల జీతాల దాకా అన్నీ ఎప్పటినుంచో రాష్ట్రాల చేతిలోనే ఉన్నాయి, వాషింగ్టన్ నుంచి వచ్చే కాగితాల బరువు గురించి ప్రిన్సిపాళ్లు విసుక్కోవడమూ నిజమే. కాని మీ బాబులాంటి పిల్లల దగ్గరకు వచ్చేసరికి ఆ వాదన నిలవదని నేననుకుంటాను. రాష్ట్రమే తప్పు చేసినప్పుడు చెప్పుకోవడానికి పైన ఒకరు ఉండాలి.

కాబట్టి ఇకనుంచి మీ బాబుకు మొదటి కాపలాదారు మీరే అనుకోండి. ఐఈపీ విషయంలో బడి నోటిమాటతో చెప్పే దేన్నీ చివరి మాటగా తీసుకోకండి. మీ ఒప్పుదల లేకుండా థెరపీ నిమిషాలు తగ్గించాలన్నా, సహాయకురాలిని తీసివేయాలన్నా, తరగతి మార్చాలన్నా ముందుగా, ఐఈపీని నిర్ణయించే బడి బృందంతో మీరూ కూర్చునే ఏఆర్‌డీ సమావేశం జరపాలి, ఆ మార్పు ఎందుకో వివరిస్తూ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ‘ఫెడరల్ నిధులు తగ్గాయి, అందుకని’ అనేది చట్టం ఒప్పుకునే కారణం కాదు. ఆ మాట ఎవరైనా అంటే, అన్న తేదీతో సహా అదే సాయంత్రం మర్యాదగా ఒక ఈమెయిల్ రాసి, ‘ఈరోజు మీరు ఇలా చెప్పారని నేను అర్థం చేసుకున్నాను, సరిగా విన్నానా’ అని అడగండి. చాలాసార్లు ఆ ఒక్క ఈమెయిల్‌తోనే విషయం తిరిగి దారిలో పడుతుంది. సమావేశంలో మీరు ఒప్పుకోకపోతే సంతకం ఒత్తిడితో పెట్టనవసరం లేదు. టెక్సస్ నిబంధనల ప్రకారం పది బడిరోజుల విరామం తీసుకుని మళ్లీ కూర్చునే అవకాశం ఉంది. వివాదం డ్యూ ప్రాసెస్ అనే చట్టబద్ధ విచారణ దాకా వెళ్లినా, అది తేలేవరకు ఇప్పుడు అందుతున్న సేవలు అలాగే కొనసాగాలి. ఇంగ్లిషులో జరిగే చర్చ వేగం అందుకోవడం కష్టమనిపిస్తే తెలుగు దుబాసీ కావాలని ముందుగానే అడగండి. తల్లిదండ్రులకు సమావేశం అర్థమయ్యేలా చూడడం బడి బాధ్యత, మీకు చేసే ఉపకారం కాదు.

ఫిర్యాదు ఎక్కడ చేయాలన్నది కూడా తెలుసుకుని ఉంచుకోండి. డాలస్‌లోని ఫెడరల్ కార్యాలయం మూతపడింది కదా, ఇక ఎవరూ వినరని అనుకోకండి. ఐడియా ఉల్లంఘన మీద ఫిర్యాదు ఆస్టిన్‌లోని టీఈఏకే చేస్తారు. తప్పు జరిగిన ఏడాదిలోగా చేయాలి, వాళ్లు 60 రోజుల్లో తేల్చాలి. ఈ దారి ఉత్తర్వులతో సంబంధం లేకుండా ఇప్పటికీ తెరిచే ఉంది. ఫెడరల్ పౌరహక్కుల విభాగానికి వెళ్లే ఫిర్యాదులు మాత్రం చాలా ఆలస్యమవుతాయని ముందే లెక్కవేసుకోవాలి.

బాబు బడిలో మీరు గమనించగలిగే మరో మార్పు బడి తర్వాతి కార్యక్రమాల్లోనూ, ఇంగ్లిషు కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇచ్చే అదనపు బోధనలోనూ ఉండవచ్చు. 2025 జూలై 1న బడులకు చేరవలసిన సుమారు ఏడు వందల కోట్ల డాలర్లను ప్రభుత్వం సమీక్ష పేరిట నిలిపివేసింది. రాష్ట్రాలు దావాలు వేశాయి, సొంత పార్టీ సెనేటర్లే ఉత్తరాలు రాశారు, నెలాఖరుకల్లా విడుదల చేస్తున్నామని ప్రకటించింది. డబ్బు వచ్చింది కాని, ఆ నాలుగు వారాల్లో వేసవి తర్వాతి నియామకాలు వాయిదా వేసుకున్న డిస్ట్రిక్టులు ఉన్నాయి. ఈ ఉత్తర్వుల ప్రభావం ఎక్కువగా ఇలాగే ఉంటోంది: చివరికి కోర్టులోనో రాజకీయంగానో వెనక్కి తగ్గినా, మధ్యలో గడిచిన అనిశ్చిత కాలం మాత్రం ఎవరో ఒకరి ఉద్యోగాన్నో సేవనో తినేసి పోతోంది.

మీ వీసా హోదా వల్ల బాబు చదువుకు ఇబ్బంది వస్తుందేమోనన్న అనుమానం మీ ఉత్తరంలో వరుసల మధ్య కనిపించింది కనుక చెప్తున్నాను. బడులు, ఆసుపత్రుల దగ్గర ఇమిగ్రేషన్ అధికారుల చర్యలను పరిమితం చేసిన పాత విధానాన్ని 2025 జనవరిలో రద్దు చేసిన మాట నిజం. అయినా ఇమిగ్రేషన్ హోదా చూసి పిల్లలను ప్రభుత్వ బడి నుంచి దూరంగా ఉంచరాదని 1982లో సుప్రీంకోర్టు ప్లైలర్ కేసులో తీర్పు చెప్పింది, ఆ కేసు మీ టెక్సస్‌లోని టైలర్ పట్టణం నుంచే వచ్చింది. మీ బాబు అమెరికా పౌరుడు, మీ ఇద్దరూ చట్టబద్ధమైన హోదాలో ఉన్నారు. ఈ ఒక్క విషయంలో నిశ్చింతగా ఉండండి.

ఇక మేనల్లుడి సంగతి. మీ అన్నయ్యగారు బహుశా హార్వర్డ్ వార్తలు చూసి కంగారుపడి, ఆ తర్వాత కోర్టు ఆపిందని విని కుదుటపడి ఉంటారు. 2025 మే 22న హార్వర్డ్‌కు విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతిని రద్దు చేశారు, మరునాడే బోస్టన్‌లో జడ్జి అలిసన్ బరోస్ దాన్ని ఆపారు. రెండు వందల కోట్ల డాలర్లకు పైగా పరిశోధన నిధులు స్తంభింపజేయడం చట్టవిరుద్ధమని సెప్టెంబరు 3న అదే జడ్జి తీర్పు ఇచ్చారు. కొలంబియా విశ్వవిద్యాలయం మాత్రం కోర్టుకు వెళ్లకుండా జూలైలో 20 కోట్ల డాలర్లు మూడేళ్లలో కట్టేందుకు, అదనంగా మరో 2.1 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుని రాజీపడింది. ఇవి పెద్ద పోరాటాలే, స్వేచ్ఛ గురించి ఆలోచించే వారందరూ చదవవలసినవే. కాని కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌కు వచ్చే వరంగల్ అబ్బాయి జీవితాన్ని నిర్ణయించేవి ఇవి కావు. అతనికి తగిలేవి పత్రికల లోపలి పేజీల్లో రెండు మూడు వాక్యాలతో వచ్చే నిబంధనలు.

వాటిలో మొదటిది వీసా. 2025 మే 27న విద్యార్థి వీసాల కొత్త అపాయింట్‌మెంట్లను ప్రపంచమంతటా నిలిపివేసి, జూన్ 18న తిరిగి మొదలుపెట్టారు. హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాట్ల కోసం అందరూ ఎగబడే నెలలు అవే. అప్పటి నుంచి దరఖాస్తుదారులు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలన్న నియమం వచ్చింది. అబ్బాయి ఖాతాలో ఏముందో తండ్రిగారు కూడా ఒకసారి చూడడం మంచిది, అయితే భయపడి హడావుడిగా ఖాతాలు తొలగించడం మరో అనుమానానికి తావిస్తుంది. రెండవది, వచ్చాక హోదా నిలబెట్టుకోవడం. 2025 వసంతంలో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులను, అంటే వారి విద్యార్థి హోదాను నమోదుచేసే ప్రభుత్వ రికార్డులను, హెచ్చరిక లేకుండా రద్దు చేశారు. వారిలో ట్రాఫిక్ ఉల్లంఘన తప్ప మరేమీ లేనివారు కూడా ఉన్నారు. కోర్టుల్లో కేసులు వరుసగా పడ్డాక ఏప్రిల్ 25న వాటిని పునరుద్ధరిస్తామని ప్రభుత్వం చెప్పింది. ఈ అనుభవం తర్వాత, క్యాంపస్ బయట పెట్రోలు బంకులోనో రెస్టారెంటులోనో అనుమతి లేకుండా పనిచేసి ఖర్చులు గట్టెక్కించుకోవచ్చని కన్సల్టెన్సీల్లో గుసగుసగా చెప్పే సలహా కేవలం తప్పుడుది కాదు, ప్రమాదకరమైనది. పాత సీనియర్లు చేశారు కదా అన్నది ఇప్పుడు సమాధానం కాదు. క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు, అదీ దొరికితే. అప్పు లెక్క ఆ పని ఆదాయం మీద వేయకూడదు.

మూడవది ఒక ప్రతిపాదనగా వచ్చినది, అయినా తెలిసి ఉండాలి. చదువు సాగినంతకాలం ఉండవచ్చన్న పాత పద్ధతికి బదులు, గరిష్ఠంగా నాలుగేళ్లకు తేదీతో సహా అనుమతి ఇచ్చి, ఆపై పొడిగింపుకు దరఖాస్తు చేయించాలని 2025 ఆగస్టులో ప్రతిపాదించారు. పీజీ విద్యార్థులు మధ్యలో కోర్సు మార్చుకోవడాన్ని కూడా అది చాలావరకు అడ్డుకుంటుంది. మన పిల్లలు చాలామంది వచ్చిన విశ్వవిద్యాలయం ఒకటి, చివరికి పట్టా తీసుకునేది మరొకటి. అందుకని ‘ముందు ఏదో ఒకదానిలో చేరి, తర్వాత మారతాను’ అన్న పథకంతో ఇప్పుడు బయలుదేరడం తెలివైన పని కాదు.

నాలుగవది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, చదువు తర్వాతి ఉద్యోగం. 2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధించగానే మన వాట్సాప్ బృందాలన్నీ అట్టుడికిపోయాయి. అక్టోబరులో ఇచ్చిన వివరణ ప్రకారం, అమెరికాలోనే ఉండి విద్యార్థి వీసా నుంచి హెచ్‌-1బీకి మారేవారికి అది వర్తించదు, మీవారిలాంటి వారి పొడిగింపులకూ వర్తించదు. ఇది విని మీ అన్నయ్యగారు, అలాగైతే అక్కడికి వచ్చి చదవడమే లాభం కదా అనవచ్చు. ఆ తర్కంలో పాక్షికమైన నిజముంది. అయితే ఆ తర్వాత, ఆ వీసాకు పేర్లు ఎంచే లాటరీ పద్ధతినే మార్చారు. 2026 ఫిబ్రవరి చివర అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం ఉద్యోగాలకు ప్రభుత్వం లెక్కకట్టే నాలుగు వేతన స్థాయుల్లో పై స్థాయి ఉన్నవారి పేర్లు ఎక్కువసార్లు లెక్కలోకి వస్తాయి: నాలుగవ స్థాయివారికి నాలుగు అవకాశాలు, మొదటి స్థాయివారికి ఒక్కటి. కొత్తగా పట్టా పుచ్చుకున్నవారు సాధారణంగా చేరేది మొదటి రెండు స్థాయుల్లోనే. అంటే, అప్పు తీర్చడానికి హెచ్‌-1బీ వచ్చి తీరుతుందని నమ్మే కుర్రవాళ్లకే ఆ వీసా ఇంతకుముందు కంటే దూరమైంది. దీనికి తోడు మీ టెక్సస్ గవర్నరు 2026 జనవరిలో రాష్ట్ర సంస్థలు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు 2027 మే 31 వరకు కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులు వేయకూడదని ఆదేశించారు. ఇది ఫెడరల్ ఉత్తర్వు కాదు, వాషింగ్టన్ గాలి రాష్ట్రాల దాకా ఎలా వీస్తోందో చూపించేది.

చదువయ్యాక పనిచేసేందుకు విద్యార్థులకిచ్చే అనుమతి, ఓపీటీ, రద్దయిందన్న వదంతి మాత్రం నమ్మకండి. ఏడాది ఓపీటీ, సాంకేతిక కోర్సులవారికి మరో 24 నెలల పొడిగింపు ఇప్పటికీ ఉన్నాయి. అయితే అవి చట్టంలో నేరుగా రాసి ఉన్నవి కావు, నిబంధనల మీద నడిచేవి. నిబంధనను మార్చడం చట్టాన్ని మార్చడం కంటే తేలిక.

కాబట్టి మీ అన్నయ్యగారికి ‘పంపు’ అనో ‘పంపవద్దు’ అనో చెప్పకండి, ఒక లెక్క చెప్పండి. 45 లక్షలు, 11 శాతం వడ్డీకి, పదేళ్లలో తీర్చేలా తీసుకుంటే నెలకు దాదాపు 62 వేల రూపాయల వాయిదా పడుతుంది. చదివే రెండేళ్ల వడ్డీ అసలులో కలిస్తే ఇంకా ఎక్కువ. అబ్బాయి ఎమ్మెస్ పూర్తిచేసి, ఓపీటీలో ఉద్యోగం దొరక్క, లేదా దొరికి హెచ్‌-1బీ రాక, హైదరాబాద్ తిరిగి వచ్చి అక్కడి జీతంతో ఆ వాయిదా కట్టగలడా? కట్టగలడు, లేదా ఇల్లు జారిపోకుండా తండ్రి కట్టగలరు అనుకుంటే ప్రయత్నించవచ్చు. అమెరికా ఉద్యోగం వస్తేనే తీరే అప్పు అయితే, ఆ ఉద్యోగం ఇప్పుడు ఉన్నది ఆ కుటుంబం చేతిలో కాదు, ఎప్పుడు ఏ ఉత్తర్వు వస్తుందో తెలియని కార్యాలయం చేతిలో. తనఖా పెట్టే స్థలం ఇంటికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి అయితే నేను వద్దనే అంటాను.

వెళ్లాలనే నిర్ణయించుకుంటే విశ్వవిద్యాలయం ఎంపికలో ర్యాంకుతో పాటు దాని ఆర్థిక ఆరోగ్యం కూడా చూడమనండి. 2024-25లో అమెరికాలో 3.63 లక్షల మంది భారతీయ విద్యార్థులు ఉండగా, 2025 శరదృతువు ప్రవేశాల్లో కొత్త విదేశీ విద్యార్థులు 17 శాతం తగ్గారని అంతర్జాతీయ విద్యా సంస్థ సర్వే చెప్పింది. మన పిల్లలకు బాగా పరిచయమున్న సెంట్రల్ మిస్సోరి విశ్వవిద్యాలయంలో కొత్తవారి సంఖ్య సగానికి పడిపోయింది. ట్యూషన్ ఆదాయంలో దాదాపు నాలుగో వంతు విదేశీ విద్యార్థుల నుంచే పొందే సంస్థ అది. ఇలాంటి చోట్ల సెక్షన్లు కలిపేయడం, కోర్సులు ఎత్తివేయడం, అసిస్టెంట్‌షిప్‌లు తగ్గించడం సహజంగా జరిగేవే. పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవారికైతే మరో జాగ్రత్త అవసరం. వైద్య పరిశోధనకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లలో నిర్వహణ ఖర్చుల వాటాను 15 శాతానికి కుదిస్తామని 2025 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు, కోర్టులు ఆపేలోపే కొన్ని విభాగాలు ప్రవేశాలు తగ్గించుకున్నాయి. మసాచుసెట్స్‌లోని యూమాస్ చాన్ వైద్య విశ్వవిద్యాలయం ఇచ్చిన పీహెచ్‌డీ ఆఫర్లనే వెనక్కి తీసుకుంది. కాబట్టి ఆఫర్ లేఖలో ఫండింగ్ ఎన్ని సంవత్సరాలకు, ఎవరి గ్రాంటు నుంచి అన్నది రాతపూర్వకంగా అడగాలి. ప్రొఫెసర్ ఒక్కరి గ్రాంటు మీద ఆధారపడినదానికంటే డిపార్ట్‌మెంటు హామీ ఇచ్చినది గట్టిది.

అబ్బాయికి తొందర లేకపోతే, ఒకటి రెండేళ్లు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసి రావడం కూడా నష్టం కాదు. అప్పు తగ్గుతుంది, అనుభవంతో వస్తే చదువు అయ్యాక దొరికే వేతన స్థాయి పెరగడానికి అవకాశం ఉంటుంది, పైన చెప్పిన కొత్త లాటరీలో అదే పనికివచ్చేది.

చివరగా మీ వేసవి ప్రయాణం. మీ పాస్‌పోర్టుల్లో హెచ్‌-1బీ, హెచ్‌-4 వీసా స్టాంపులు మీరు తిరిగి వచ్చే తేదీ దాటి కూడా చెల్లుబాటు అయితే వెళ్లి రండి. గడువు తీరిపోయి అక్కడ స్టాంపింగ్ చేయించుకోవలసి ఉంటే ఈ ఏడాది వద్దని నా సలహా. 2025 సెప్టెంబరు నుంచి ఇంటర్వ్యూ లేకుండా పునరుద్ధరించే వెసులుబాటు చాలామందికి పోయింది, ఎవరి దేశంలో వారే దరఖాస్తు చేసుకోవాలన్నారు. డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బీ, హెచ్‌-4 వారి సోషల్ మీడియాను కూడా పరిశీలించడం మొదలుపెట్టాక భారతదేశంలోని అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వాయిదా పడ్డాయి, పండుగకని వెళ్లినవారు అక్కడే చిక్కుకుపోయారు. మీరు అలా ఆగిపోతే బాబు ఆగస్టులో బడి తెరిచే నాటికి ఇక్కడ ఉండడు, ఎక్కువ కాలం హాజరు లేకపోతే డిస్ట్రిక్ట్ వాడి పేరు తీసివేయవచ్చు, ఆపై ఐఈపీ సేవలను మళ్లీ మొదలుపెట్టించడం ఒక పెద్ద పని. అమ్మానాన్నలను చూడకుండా ఉండలేమనిపిస్తే, వారికి వీసా ఉన్న పక్షంలో వారినే ఇక్కడికి రప్పించుకోండి. అలా కుదరకపోతే మీవారు ఇక్కడే ఉద్యోగంలో ఉండగా, స్టాంపు చెల్లుబాటులో ఉన్నవారు మాత్రమే వెళ్లి రావడం గురించి ఆలోచించండి. టికెట్లు కొనే ముందు, బాబు వార్షిక ఏఆర్‌డీ సమావేశం ఏ తేదీన ఉందో మీ డిస్ట్రిక్ట్‌ను అడిగి, దాన్ని ప్రయాణానికి ముందే జరిపించుకోండి.